మంచం పట్టె

“మంచంలో ఒక్క పట్టే తెచ్చావేంటమ్మా? మొత్తం తెస్తే రెండు టికెట్లు కొడతాననా?” అన్నాడు కండక్టర్. బస్సంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

ఆరడుగుల టేకు పట్టె. పెళ్లినాటి మంచానిది. మొగుడు పనికని పరాయి ఊరెళ్లి పత్తా లేకుండా పోయాడు. ఇవాళొస్తాడు, రేపొస్తాడు అని ఆ మంచం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

“పుచ్చిపోయేదాకా దాస్తావా?” అని వదిన రోజూ దెప్పేది.

చివరికి మనసు రాయి చేసుకుంది. ఇచ్చేస్తే ఎదురుచూపులకీ ఓ అంతుంటుంది. రోడ్డు పక్కన పాత చెక్కతో నలభై అడుగుల బొమ్మ కడుతున్నారని విన్నది. చనిపోయిన పెళ్లాం గుర్తుగా ఎవరో వడ్రంగి కడుతున్నాడట. అలాంటి మొగుళ్లూ ఉంటారన్నమాట! ఇస్తే అక్కడే ఇవ్వాలి.

బొమ్మ నిజంగానే తాటిచెట్టంత ఉంది. విరిగిన పడవలు కాళ్లయ్యాయి. పాత తలుపులు పక్కటెముకలయ్యాయి. నిచ్చెన చివర వడ్రంగి, పళ్ల మధ్య మేకులు పెట్టుకుని, ఇంకో చెక్క కోసం కిందికి వంగాడు. మొహం కనిపించింది.

ఆవిడ పట్టె దించి, దాని మీదే చతికిలబడింది.

“ఎండకి కళ్లు తిరిగాయా అక్కా?” బల్ల దగ్గర రాతగాడు నీళ్లిచ్చాడు. ప్రతి చెక్క మీదా కాలిన ఊచతో ఇచ్చినవాళ్ల సంగతి రాయడం అతని పని. పేర్లుండవు. ‘బడి పంతులు ఇచ్చింది’, ‘మంత్రసాని ఇచ్చింది’, అంతే.

“ఈయన భార్య ఎలా పోయింది తమ్ముడూ?”

“జ్వరమొచ్చి. మూడ్రోజుల్లో. ఈయన ఒళ్లోనే ప్రాణం వదిలిందట. చెప్తుంటే ఊరంతా ఏడ్చాం.”

“మళ్లీ చేసుకోలేదా?”

“వద్దు వద్దన్నాడు. మేమే బలవంతాన చేశాం. అదిగో, నిచ్చెన పట్టుకుందే, ఆ పిల్లే. మా పిన్ని కూతురు. ‘పోయినావిడ దేవత, ఆమె చోటు నాకెందుకు’ అని ఎంత బెట్టు చేసిందో! పిచ్చిది.”

ఆవిడ ఆ పిల్లని చూసింది. నెలలు నిండిన కడుపు. పైకి చూస్తూ దేనికో నవ్వుతోంది.

ఆవిడ నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది.

“ఊచ కాలింది. ఎవరిచ్చారని రాయమంటావక్కా?”

ఆవిడ లేచి, చీర దులుపుకుని అంది:

“‘ఆయన ఒళ్లో ప్రాణం వదిలిన పెళ్లాం ఇచ్చింది’ అని రాయి తమ్ముడూ.”