తెల్ల బ్యాండ్లు

మా ఆవిడ దగ్గర జూనియర్ లాయరుగా పనిచేసిన అమ్మాయి ఇవాళ జడ్జి నియామకపు ఉత్తర్వు తెచ్చి చూపించింది. లోపలికెళ్లి, మా ఆవిడ కోర్టుకు మెడలో కట్టుకునే తెల్ల బ్యాండ్లు తెచ్చాను. వాటిని రోజూ నేనే ఇస్త్రీ చేసేవాణ్ణి. ఆమె పోయి ఏడాదైనా ఒక జత అలాగే ఉంచాను.

"ఇవి నువ్వు కట్టుకో అమ్మా. జడ్జి పరీక్ష రాయవే అంటే మీ మేడమ్ నవ్వేసేది. తీర్పు చెప్పాలంటే నీకు వణుకు అని ఏడిపించేవాణ్ణి."

ఆ అమ్మాయి చెయ్యి చాపలేదు.

"నేను చేరట్లేదు సార్. మూడేళ్లకో బదిలీ. మా ఆయన ఉద్యోగం ఇక్కడే. ఆయనకింకా చెప్పలేదు కూడా. మేడమ్ కూడా అంతేగా..." అని నాలుక కరుచుకుంది.

"ఏం చేసింది?"

"పరీక్ష రాశారు సార్, రెండుసార్లు ఉత్తర్వు కూడా వచ్చింది. రెండుసార్లూ వద్దని రాసిచ్చారు. డయాలసిస్ మీదున్న మా ఆయన్ని ఊరూరా ఎక్కడ తిప్పనే అన్నారు. మీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నారు."

బ్యాండ్ల మడత సరిచేశాను. అది సరిగ్గానే ఉంది. వాటిని ఆ అమ్మాయి చేతిలో పెట్టాను.

"ముందు మీ ఆయన్ని అడుగమ్మా," అన్నాను. "వస్తానంటాడేమో. మీ మేడమ్ నన్ను అడగనే లేదు."