తొర్రలోని గిట్టలు

పులి ఏలే అడవిలో జింకపిల్లలు మాయమవుతున్నాయి. పొదల్లో దొరికిన గిట్టల్ని తల్లులు ఏడుస్తూ తెచ్చిస్తే, ఉడుత వాటిని సాక్ష్యంగా తన తొర్రలో దాచేది. పోయిన పిల్లల పేర్లు అడవంతా వినబడేలా తీతువు పిట్ట అరిచేది. పులికి ఒళ్లు మండి తీతువును పంజరంలో పెట్టించింది.

అప్పటినుంచి ఎవరి నోట విన్నా తీతువు మాటే. ఉడుతకు కడుపు రగిలిపోయింది.

"గిట్టలు దాచింది నేను, పేరేమో దానికి. అరవడం కూడా ఒక పనేనా?" అని కనబడ్డవాళ్లందరి దగ్గరా సణిగింది.

ఆ సణుగుడు పులి మంత్రి నక్క చెవిన పడింది.

"నీ కష్టం ఎవరూ గుర్తించలేదు ఉడుతమ్మా. ఏదీ, నన్నొకసారి చూడనీ," అంది నక్క.

ఉడుత మురిసిపోయి తొర్ర చూపించింది. నక్క ఒక్కో గిట్టనూ తీసి చూసి మెచ్చుకుంది.

మర్నాటికి తొర్ర ఖాళీ.

"సాక్ష్యం లేని అరుపులకు మనకేం భయం?" అని పులి పంజరం తెరిపించింది.

తీతువు నడుచుకుంటూ ఉడుత దగ్గరికి వచ్చింది. దాని రెక్కలకు ఈకల్లేవు.

"గిట్టలు ఎవరి దగ్గరున్నాయో చెప్పమని రోజుకో ఈక పీకారు, చెల్లీ," అంది. "నీ పేరు మాత్రం నా నోట రానివ్వలేదు."