మంట ఆర్పిన మొనగాడు

చమురు ప్లాంటు గొట్టం మీద ముప్ఫై ఏళ్ళుగా భగభగమంటున్న మంట ఆ ఉదయం లేదు.

మేనేజరు కిటికీలోంచి చూసి మురిసిపోయాడు. పదకొండింటికి పర్యావరణ అవార్డు కమిటీ వస్తుంది. ఇక కావలసింది కాలుష్యం ఆగిపోయిందన్న కాగితం మీద షిఫ్టు ఇంజనీరు సంతకం ఒక్కటే.

షిఫ్టు ఇంజనీరుకి పెళ్ళయి మూడు వారాలు. స్టోర్సులో పనిచేసే మొగుడితో కలిసి రోజూ మెట్లమీద కూర్చుని, ఒకే క్యారియర్లో తింటుంది. ఆ ముసిముసి నవ్వులు చూస్తే మేనేజరుకి ఒళ్ళు మండుతుంది.

"సంతకం పెట్టను సార్. ముందు మంట మళ్ళీ వెలిగించండి," అందామె.

మేనేజరు పకపకా నవ్వాడు. "ఊరంతా మసి కొట్టుకుపోతోందని మొన్నటిదాకా మొత్తుకుంది నువ్వే కదమ్మా?"

"నేనే సార్. వెలిగించమంటున్నదీ నేనే."

"అయితే నీది ఊరిమీద ప్రేమ కాదు. నామీద కడుపుమంట!"

"సార్, ఒక్కసారి ఆ గొట్టం..."

"గొట్టం సంగతి నాకు చెప్పకు. నువ్వు పలక పట్టకముందే నేనిక్కడ హెల్మెట్ పెట్టుకున్నాను." కుర్చీలో వెనక్కి వాలాడు. "సముద్రం మధ్యలో మనకో రిగ్గుంది. అక్కడికి పంపిస్తే మీ ఆయన్ని ఫోన్లో చూసుకుందువుగాని. సిగ్నలుంటే!"

 ఆమె పెన్ను అందుకుంది. కాసేపు కాగితంకేసి చూసింది. పెన్నుకి మూతపెట్టి బల్లమీద పెట్టేసింది.

"బట్టలు సర్దుకుంటాను సార్."

"వెళ్ళిరా తల్లీ," అని మేనేజరు ఆ సంతకం తనే గీకేశాడు.

కమిటీ అధ్యక్షుడు వస్తూనే చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "పెద్ద పెద్ద కంపెనీలే పదేళ్ళుగా కిందామీదా పడుతున్నాయి. మీరు ఒక్కరోజులో ఎలా సాధించారండీ?"

"పట్టుదల ఉండాలండీ. ఈ కాలం పిల్లలకి లేనిదే అది," అన్నాడు మేనేజరు.

ఇద్దరూ గొట్టం కింద నిలబడి ఫొటో దిగారు.

"ఆహా, ప్రాణం లేచొచ్చిందండీ!" అంటూ అధ్యక్షుడు గుండెలనిండా గాలి పీల్చాడు.

మేనేజరు ఆర్పించింది మంటని మాత్రమే. ఇన్నాళ్ళూ ఆ మంటలో కాలిపోయిన గ్యాసు పైన గొట్టంలోంచి ఎప్పటిలాగే బుసబుసమని వస్తూనే ఉంది.