మలుపులో మోచెయ్యి

నాలుగున్నరకు లేవాలి. కుళాయి నీళ్లు పట్టాలి. సైకిల్ చెయినుకు నూనె వెయ్యాలి. ఎండెక్కకముందే జూబ్లీ హిల్స్ ఎత్తు మూడుసార్లు ఎక్కి దిగాలి. తొమ్మిదిన్నరకు సనత్‌నగర్ ఆఫీసులో టైపు మిషను ముందు కూర్చోవాలి.

1992 వేసవిలో మోతీనగర్ కరుణాకుమారి క్యాలెండరు వెనక రాసుకున్న పనులివి.

వారం తిరక్కుండానే ఇంకొకటి చేర్చింది: కృష్ణానగర్ పంక్చర్ల ముసలాయన కంట పడకుండా పోవాలి.

ఆయన పేరు పోచయ్య. ఎత్తు మొదలయ్యే మలుపులో రేకుల కొట్టు. మొదటిరోజే అక్కడ ఆమె చున్నీ వెనక చక్రంలో చిక్కుకుంది. మోకాలు గీరుకుపోయింది.

"గట్ల ఇడిస్తే చక్రం గుంజదా బిడ్డా?" అంటూ వచ్చి చున్నీ విడిపించాడు. భుజం మీది తువ్వాలు తీసి, తన ఒంటిమీదే చూపించాడు. చంక కిందినుంచి తేవాలి. ఎడమ నడుం మీద రెండు చుట్ల ముడి. కొస లోపలికి దోపాలి.

"మగాడివి, ఇవన్నీ నీకెలా తెలుసు తాతా?"

"గీ గల్లీల ఉంటే అన్నీ వస్తయి."

ఆ ముడి మళ్లీ ఊడలేదు. ఆయన నోరూ ఊరుకోలేదు. రోజూ అరిచేవాడు.

"బ్రేకు మలుపుల కాదు, మలుపుకు ముందే!"

"లోపలి పెడల్ మీదికుండాలె!"

"చక్రం చూడకు, రోడ్డు కొస చూడు!"

పక్క టీ కొట్టు ఓదెలు నవ్వేవాడు. "ఏం తాతా, కోచ్ నౌకరీ ఎప్పుడొచ్చింది?"

ట్యూబులకు అతుకులేసే మనిషి చెబితే తను వినాలా? కరుణ తల తిప్పుకుని పోయేది.

ఆ వేసవిలో రెండు సైకిల్ పోటీలు జరిగాయి. ఒకదాంట్లో ఆమెది నాలుగో స్థానం. ఇంకోదాంట్లో ఏడో స్థానం. నేరుగా ఉన్నచోట అందర్నీ దాటేది. మలుపు రాగానే చెయ్యి బ్రేకు మీదికి పోయేది.

మిగిలింది ఒక్కటే. జూబ్లీ హిల్స్ వీధుల్లో పదిహేను చుట్ల పోటీ. మొదటి ముగ్గురికి రాష్ట్ర జట్టులో చోటు.

అమ్మ సరోజమ్మ పెట్టిన గడువు కూడా అదే. "ఈ ఒక్క వేసవే. జట్టులోకి రాలేదా, ఇక సైకిల్ ఆఫీసుకే."

పోటీకి నాలుగు రోజుల ముందు టైరులో మేకు దిగింది. సరిగ్గా పోచయ్య కొట్టు ముందే.

ఆయన ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచాడు. "అసలు సైకిల్ మోజు నీకెట్ల పుట్టింది?"

"నాలుగో క్లాసులో ఒక సినిమా చూశాను. హీరోయిన్ ఎర్ర ఓణీలో సైకిల్ తొక్కుతూ ముగ్గురు మగాళ్లను దాటేస్తుంది. ఆ మలుపు తిరగడం చూడాలి తాతా! ఇప్పటికీ నాకు ఆమే గురువు."

పోచయ్య చేతిలో ట్యూబు ఆగింది. "గంత మంచిగ తిరిగిందా?"

"నీకేం తెలుసు? చూస్తే తెలుస్తుంది."

"చూసినలే. ఎడమ మోచెయ్యి జర బయటికొచ్చింది."

కరుణకు ఒళ్లు మండింది. "ఆమెకు కూడా వంకలు పెడతావా?"

ఆయన నవ్వుతూ నున్నటి పైపెదవి తడుముకున్నాడు.

"ఈ వీధిలో మీసం లేని తాతవి నువ్వొక్కడివే. ఎందుకు తీసేస్తావు?"

"పనికి అడ్డమొస్తుండె. గదే అలవాటైంది."

"పంక్చరు పనికా?"

ఆయన ట్యూబుకు అతుకేశాడు. టైరెక్కించి, "ఒక్కపారి ఇయ్యి" అని సైకిలెక్కాడు. ఎత్తు పైదాకా పోయి దిగాడు. మలుపులో బ్రేకు పట్టలేదు. సైకిల్ ఆయన కింద వాలి, మళ్లీ నిలబడింది. ఎడమ మోచెయ్యి మాత్రం కొడవలిలా బయటికి పొడుచుకొచ్చింది.

"నీ మోచెయ్యి సంగతేంటి మరి?" అంది కరుణ. వెక్కిరిద్దామనుకుంది కానీ గొంతులో వెక్కిరింత లేదు.

"ఇరిగి అతికింది తల్లీ. నువ్వు నా చెయ్యి చూడకు, నా చూపు చూడు."

ఆ నాలుగు రోజులూ ఆమె తలొంచి నేర్చుకుంది.

పోటీలో చివరి చుట్టుకు ఆరో స్థానంలో ఉంది. దిగుడు మలుపు దగ్గర ముందున్నవాళ్లు బ్రేకులు పట్టారు. కరుణ రోడ్డు కొస చూసింది. జనంలోంచి ఎవరో గట్టిగా ఈల వేశారు.

మలుపు దాటేసరికి ఆమె ముందు ఇద్దరే ఉన్నారు.

మూడో స్థానం! సరోజమ్మ అందరి ముందే కూతుర్ని కావలించుకుంది.

మర్నాడు కరుణ మైసూరుపాకు పొట్లంతో వెళ్తే రేకుల కొట్టుకు తాళం వేసుంది.

"బిడ్డ కాడికి పోయిండు, ఊరి దిక్కు. ఇగ రాడంట" అన్నాడు ఓదెలు. "నిన్న ఈలేసింది ఆయననే. చూసి సీదా బస్సెక్కిండు. ఇగ మీసం పెంచుతడంట, ఒకటే సంబురం!"

"ఏ ఊరు?"

"గది నేనూ అడగలె."

మైసూరుపాకు ఓదెలు, కరుణ తిన్నారు.

రెండు వారాల తర్వాత, శనివారం సాయంత్రం టీవీలో ఆ పాత సినిమా వేశారు. సరోజమ్మ పిలిస్తే కరుణ పరుగెత్తుకొచ్చింది.

ఎర్ర ఓణీ. ముగ్గురు మగాళ్లు. మలుపు.

హీరోయిన్ ముఖం కనిపించినంతసేపూ సైకిల్ చక్రాలు కనిపించలేదు. సైకిల్ దూసుకుపోతున్నంతసేపూ వీపు తప్ప ముఖం కనిపించలేదు.

ఓణీకి ఎడమ నడుం మీద రెండు చుట్ల ముడి. కొస లోపలికి దోపి ఉంది. మలుపులో ఎడమ మోచెయ్యి కొడవలిలా బయటికొచ్చింది.

"ఎంత బాగా తొక్కిందే ఆ పిల్ల!" అంది సరోజమ్మ.

కరుణ కళ్లు తుడుచుకుంటూ పకపకా నవ్వింది.

మీ ఇంట్లో ఎప్పుడైనా ఆ సినిమా వస్తే, ఎర్ర ఓణీ మలుపు తిరిగేటప్పుడు ఒక్క క్షణం తలుచుకోండి: ఆ ఓణీలో ఉన్నది హీరోయిన్ కాదు, ఆమెకు బదులుగా మీసం తీసేసుకుని సైకిలెక్కిన కృష్ణానగర్ పోచయ్య.