బదులు మాస్టారు

“బదులు మనిషి వస్తేనే నిన్ను రిలీవ్ చేస్తాను సలోమోనూ” అన్నారు హెడ్మాస్టరు రామబ్రహ్మం గారు.

“ఓడ వెళ్లిపోతుందండీ!”

“ఓడ ఇంకోటి వస్తుంది. ఎస్సెస్సెల్సీ పిల్లలకి లెక్కలెవరు చెబుతారు?”



అది 1962. నూజివీడు దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారు సలోమోను. వాళ్ల వంశంలో మొదటి డిగ్రీ అతనిదే. ఇప్పుడు ఇథియోపియాలో టీచరు ఉద్యోగం వచ్చింది.

తండ్రి చిన్నరాయప్ప ఇంకా పరాయి తోటల్లో చెట్లెక్కి మామిడికాయలు కోస్తున్నాడు.

“నేను వెళితే మా నాన్న చెట్టెక్కడం మానేస్తాడండీ.”

“మంచిదే. మనిషిని తీసుకురా.”

గడువు కావాలని ఇథియోపియాకి టెలిగ్రాం ఇచ్చాడు. జి. కొండూరు దాకా సైకిలు తొక్కి తెలిసినవాళ్లందర్నీ అడిగాడు.

“టెంపరరీ పోస్టుకి ఎవరొస్తారయ్యా?” అన్నారంతా.

తోటల్లో చివరి కోత సాగుతుండగా ఒకాయన బస్సు దిగి వచ్చాడు. నెరిసిన జుట్టు, వెలిసిన కోటు. గేటు దాటేసరికే ఆయాసం.

“లెక్కల మాస్టారికి బదులు కావాలటగా. నా పేరు శౌరయ్యండీ.”

“డిగ్రీ ఉందా?”

“ఉందండీ.”

“మరి ఈ వయసులో టెంపరరీకి వచ్చారేంటి?”

“ఇంట్లో కూర్చుంటే తోచడం లేదండీ.”

డ్రిల్లు మాస్టారు సత్యనారాయణ పకపకా నవ్వాడు. “ఈయన బోర్డు దాకా నడిచేలోపు పీరియడ్ అయిపోతుందిరోయ్!”

సలోమోను ఆయన్ని పక్కకు తీసుకెళ్లాడు.

“హెడ్మాస్టరు ముందు ఆయాసపడకండి. ఊపిరి బిగబట్టండి. ఈ ఉద్యోగం పోతే నాకు మళ్లీ రాదు.”

“అలాగేనండీ.”

పాపం, బిగబట్టాడు. రామబ్రహ్మం గారు సరేనన్నారు.

బయల్దేరే రోజు చిన్నరాయప్ప గంపెడు చిన్నరసాలు తెచ్చాడు. మాస్టర్లంతా స్టాఫ్‌రూములో పిసికి జుర్రుకున్నారు. వరండాలో నిలబడ్డ శౌరయ్యకి ఒక పండివ్వాలని ఎవరికీ తోచలేదు.

“మాస్టారూ, మీరు వెళ్లే ఊళ్లో...” అంటూ ఆయనే దగ్గరకొచ్చాడు.

“బస్సుకి టైమైందండీ.”

“ఒక్క మాట. అక్కడి పిల్లలు...”

“మీరు ఇక్కడి పిల్లల్ని చూసుకోండి చాలు. మూతి మీద సొన మచ్చలుంటే బడి ఎగ్గొట్టి తోటల్లో తిరిగారని లెక్క.”

శౌరయ్య నవ్వి క్లాసు వైపు నడిచాడు.

ఓడ దిగి, రైలు దిగి, లారీలో కొండలెక్కి సలోమోను ఆ ఊరు చేరాడు. సన్నటి వాన. రేకుల బడి. కనుచూపు మేరలో ఒక్క మామిడిచెట్టు లేదు. ఇంట్లో గడ్డి కింద మాగేసిన పళ్ల వాసన గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

పిల్లలు చుట్టూ మూగారు.

“సార్, మీరు ఇండియా నుంచేనా? మా శౌరి సారు బాగున్నారా?”

“ఏ శౌరి?”

అక్కడి హెడ్మాస్టరు ఆశ్చర్యపోయాడు.

“మీకు ఆయన చెప్పలేదా? మీ స్కూలు మిమ్మల్ని వదలడం లేదని మీ టెలిగ్రాం వచ్చింది. ఆ సంగతి ఇండియాకి తిరిగి వెళ్లిన ఆయనకి తెలియజేశాం. ‘నా పిల్లలు మాస్టారు లేకుండా ఉండకూడదు, నేను వెళ్లి ఆయన్ని పంపిస్తాను’ అని జవాబిచ్చారు.”

ఆ మనిషిది ఏ ఊరని కూడా సలోమోను అడగలేదు.

“సారు గుండె ఇప్పుడెలా ఉంది?” ఒక పిల్ల అతని చెయ్యి పట్టుకుని అడిగింది.

తనకు బదులుగా వచ్చాడనుకున్న శౌరయ్యే, డాక్టర్లు కొండ మీద ఉండొద్దంటే ఈ పిల్లల్ని వదల్లేక వదిలి వెళ్లిన మాస్టారు. బదులుగా వచ్చింది సలోమోనే.