గుమ్మం ముందు ర్యాంపు

ఆదివారం పూజ అయ్యీ అవ్వగానే, చేతిలో వాటం చూసే రసమట్టంతో, చర్చి వెనక ఉన్న కతోలిక పురుషుల సేవా సంఘం గదిలోకి దూసుకెళ్ళాను. కార్యదర్శి కుర్చీలు సర్దుతున్నాడు. వృత్తిరీత్యా దర్జీ.

"వారం రోజులు పనికని ఊరెళ్ళొచ్చేసరికి మా గుమ్మానికి ర్యాంపు కట్టిందెవరు?"

"మన సంఘమే అన్నా. నేనూ, ఇద్దరు మాస్టార్లూ, మందుల షాపతనూ."

"అది ర్యాంపా, జారుడుబల్లా? ఇరవై ఏళ్ళ మేస్త్రీని, నా ఇంటికే ఆ వాటమా? పక్కన గట్టు లేదు, పైన గరుకు లేదు. చక్రాల కుర్చీ జారితే మా అమ్మ వీధిలో పడుతుంది! చేతకానోళ్ళకి సేవ ఎందుకయ్యా?"

"నిజమే. మాలో మేస్త్రీ ఒక్కడూ లేడు" అంటూ అతను సొరుగులోంచి సభ్యత్వ ఫారం తీసి నా ముందు పెట్టాడు.

ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే పేరు రాశాను. 'ఎందుకు చేరుతున్నారు?' అన్నచోట, 'ఇలాంటి ర్యాంపు ఇంకెవరికీ కట్టనివ్వకుండా ఉండటానికి' అని కాగితం చిరిగేలా రాశాను.

దర్జీ చదివి తలూపాడు.

"ఒక్క మాట అన్నా. మేం కట్టకముందు అమ్మ పూజకి ఎలా వచ్చేది?"

నాలుగేళ్ళ తర్వాత అమ్మ గుమ్మం దాటింది ఇవాళే. ఆ జారుడుబల్ల మీదే, ఈ దర్జీ కుర్చీ పట్టుకుంటే.

ర్యాంపు కింద మూడు మెట్లున్నాయి. అవి నేను కట్టినవే, రసమట్టం పెట్టి మరీ.