చాక్లెట్ పూర్ణం

వినాయక చవితికి చాక్లెట్ కుడుములు చేస్తానని మొగుడు మాట ఇచ్చి వచ్చాడని తెలియగానే తిరుపతమ్మకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది.

"మీకేమన్నా మతి పోయిందా? చాక్లెట్టు కుడుము మీరు చూశారా, మీ నాయన చూశాడా?" అంది.

"ఎవరూ చూళ్లేదు కాబట్టే చేస్తానంటున్నా," అన్నాడు వీరరాఘవయ్య.

ఒకప్పుడు జగ్గయ్యపేటలో ఆయన పేరు చెబితే నోరూరేది. పెళ్లి ముహూర్తం పెట్టుకున్నవాళ్లు పురోహితుడి ఇంటి నుంచి నేరుగా వంటకు మాట్లాడుకోవడానికి ఈయన దగ్గరికే వచ్చేవాళ్లు. గరిటె కొసన ఉన్నది అరచేతిలో వేసుకుని నాకి, ఏది తక్కువైందో ఇట్టే చెప్పేవాడు. ఆ నాలుక ఒక మాట చెప్పాక తిరుపతమ్మ ఇంకెవరి మాటా వినేది కాదు.

అలాంటి మనిషికి దిష్టి తగిలింది. తిరుపతమ్మ అలాగే అనుకుంది మరి. కిందటేడు కంచికచర్ల పెళ్లిలో పప్పుపులుసు విస్తళ్లలోనే ఉండిపోయింది. ఉప్పు కొత్తరకం అన్నాడు. ఆ తర్వాత పెనుగంచిప్రోలులో చక్కెరపొంగలి పాడైంది. వాళ్లిచ్చిన బెల్లమే మంచిది కాదన్నాడు. పిలిచేవాళ్లు ఒక్కొక్కరే మొహం చాటేశారు. ఆయనకు భక్తి మాత్రం పెరిగింది. ఏది వండినా దేవుడికి పెట్టందే నాలుక మీద వేసుకోనని నియమం పెట్టుకున్నాడు. వయసు మీద పడుతోంది కదా అని ఆవిడ సరిపెట్టుకుంది.

చివరికి నందిగామలో ప్లీడరు భవానీప్రసాద్ గారి ఇల్లొక్కటే మిగిలింది. మాఘమాసంలో ఆయన చెల్లెలి పెళ్లి. చవితి వంట నచ్చితే పెళ్లి వంట కూడా వీళ్లకే. నచ్చకపోతే బెజవాడ వంటవాళ్లు దిగుతారు. ఆ తర్వాత వీరరాఘవయ్య చేతికి గరిటె ఇచ్చే ఇల్లు ఈ చుట్టుపక్కల ఉండదు.

మామూలు పూర్ణం కుడుములు చెయ్యండని ఆవిడ కాళ్లావేళ్లా పడింది. ఆయన వినలేదు. ప్లీడరుగారి పిల్లలు ఏటా కుడుములు పక్కన పెట్టేసి చాక్లెట్టు కావాలని గోల పెడుతున్నారట. వాళ్ల ముచ్చట తీరుస్తాడట.

పండగపూట ఇద్దరూ మొదటి బస్సుకే నందిగామ చేరారు. ప్లీడరుగారు కోకో పొడి డబ్బా తెప్పించి ఉంచారు. వాళ్లమ్మగారు దాన్ని గుమ్మం అవతల నుంచే చూసి, "ఇందులో గుడ్లూ గిడ్లూ కలపలేదు గదా నాయనా?" అని అడిగారు. లేదన్నాకే వంటింట్లోకి రానిచ్చారు.

ఇంకా మడి కట్టుకోలేదు గనక వీరరాఘవయ్య చిటికెడు పొడి తీసి నాలుక మీద వేసుకున్నాడు. అందరూ ఆయన మొహంలోకే చూశారు.

"కమ్మగా ఉందండి. తీపంతా దీంట్లోనే ఉంది," అన్నాడు.

తిరుపతమ్మ గుండె కాస్త కుదుటపడింది. మడి కట్టుకుని ఆవిడ బియ్యప్పిండి ఉక్కించింది. ఆయన కొబ్బరికోరులో ఆ పొడి కలిపి, పాలు పోసి దగ్గర పడనిచ్చాడు. బెల్లం గుప్పెడు మాత్రం వేశాడు.

"అంతేనా?" అంది ఆవిడ.

"ఎక్కువైతే మొహం మొత్తుద్ది."

పూర్ణం నల్లగా నిగనిగలాడుతోంది. ఒక్క మెతుకంత నోట్లో వేసుకుని చూడాలని ఆవిడ ప్రాణం కొట్టుకుంది. కానీ దేవుడికి పెట్టేది ఎంగిలి చేస్తారా ఎవరైనా. ఎలాగూ ఆయన పొడి రుచి చూశాడు కదా అనుకుని చెయ్యి కడుక్కుంది.

పూజయింది. హారతి కళ్లకద్దుకుని పిల్లలు కుడుముల మీద పడ్డారు. చిన్నపిల్ల ఒక్క ముక్క కొరికి తుపుక్కున ఉమ్మేసింది. పెద్దవాడు నీళ్లకోసం పరిగెత్తాడు. అమ్మగారు, ప్రసాదం కాబట్టి, కళ్లు మూసుకుని మింగేశారు.

"రుచి చూడలేదా వీరరాఘవయ్యా?" అన్నారు ప్లీడరుగారు.

"నైవేద్యం కదండీ. ముందే నోట్లో ఎట్లా వేసుకుంటానండి?"

"అదీ నిజమేలే." ఆయన మర్యాదస్తుడు. కేకలెయ్యలేదు. వాళ్లు వెళ్లేటప్పుడు మిగిలిన కుడుములు అరిటాకులో కట్టించి ఇచ్చి, "మాఘంలో పెళ్లికి ఇద్దరూ భోజనానికి రండి. ఈ వయసులో వంట శ్రమ మీకెందుకు," అన్నారు.

ఆ మాటతో అంతా అయిపోయిందని తిరుపతమ్మకు తెలిసిపోయింది.

బస్సు కోసం రోడ్డుపక్క బల్లమీద కూర్చున్నారు. సందె పడింది. వంటింట్లో ఉండిపోయి చవితి కథ వినలేదు కాబట్టి, చంద్రుడు కనపడకుండా ఆవిడ నెత్తిమీద కొంగు కప్పుకుంది. ఆ కొంగు చాటునే ఏడ్చింది. రేపటి నుంచి ఎవరి గుమ్మం తొక్కాలో తోచలేదు.

వీరరాఘవయ్య అరిటాకు విప్పి, ఒక్కో కుడుమే తింటున్నాడు. పొద్దుటి నుంచీ పస్తున్న మనిషి అన్నం తిన్నట్టు, నిదానంగా, మొహంలో ఏ మార్పూ లేకుండా తింటున్నాడు. ఆవిడకు ఒళ్లు మండింది. అంత బాగున్నాయా అనుకుని తనూ ఒకటి తీసి కొరికింది. వేపాకు నమిలినట్టుంది. అక్కడే ఉమ్మేసింది.

"ఈ చేదు విషం ఎట్లా తింటున్నారండీ?"

ఆయన ఇంకో కుడుము తీసుకున్నాడు.

"చాక్లెట్టు కుడుము ఎట్లా ఉండాలో ఎవరికీ తెలీదు గదా, తప్పు పట్టలేరనుకున్నానే," అన్నాడు నములుతూనే, "నా నాలుక్కి ఉప్పేదో తీపేదో తెలియక ఏడాది దాటింది."